దవడ కింద బిళ్ల

నా మొదటి ఏడాది రికార్డు పుస్తకంలో మెడ బొమ్మ ఒకటుంది. కండరాలకు ఎరుపు, నరాలకు పసుపు, దవడ ఎముక కింద లాలాజల గ్రంథికి లేత గోధుమ రంగు వేసి, బాణం గుర్తులు గీసి పేర్లు రాశాను. పక్కనే మా మేడం ఎర్ర సిరాతో ‘వెరీ గుడ్’ అని రాశారు. ఆ పుస్తకం ఇంకా నా పెట్టెలోనే ఉంది. పారేయడానికి చెయ్యి రాదు. తెరవడానికీ రాదు.

నేను డాక్టర్ని కాదు, డెంటల్ హైజీనిస్టుని. పళ్ల మీద గార తీసి, చిగుళ్లు చూసి, ఎలా తోముకోవాలో చెప్పేదాన్ని. మా ఊళ్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక ‘పళ్లు తోమే సదువు’ అని తేల్చేశారు. మాది భావనపాడు. నాన్న ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద వేటకు పోతాడు. ఇంట్లో ఉండేది అమ్మా, నాన్న వాళ్లమ్మా. ఆవిడని నేను మామ్మ అంటాను. ఇద్దరూ తీరంలో చేపలు ఎండబెట్టి అమ్ముతారు. నాకు విజయనగరం వైపు కాలేజీలో సీటొచ్చిందని తెలిసిన రోజు మామ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, “పళ్లు తోమడం నేర్సుకోడానికి ఇజీనారం ఎల్లాలేటే?” అంది. అమ్మ మాత్రం నా బట్టలు సర్దుతూ, “ఎల్లనీ అత్తా, మన ఇంట్లో ఒకిత్తికైనా నోరు సూడ్డం తెలిస్తే మంచిదే కదా” అంది. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

కాలేజీకి పోతే మొదటి నెలలోనే నాకు కళ్లు తిరిగాయి. పళ్ల గురించి చెబుతారనుకుంటే తలకాయ మొత్తం ముందు పెట్టారు. పుర్రెలో ఎముకలు, నమలడానికి వాడే కండరాలు, పన్నెండు జతల నరాలు, మెడలో లెక్కలేనన్ని గ్రంథులు. గార తీసేదానికి ఇదంతా ఎందుకు మేడం అని నేనే అడిగాను. నాకు నోటి దురుసు మొదటినుంచీ ఉంది. మేడం నవ్వి, “నోరు తెరవమనే ముందు మెడ ముట్టుకోవాలమ్మా. నోట్లో ఉన్న కష్టం ముందు మెడలోనే బయటపడుతుంది” అన్నారు. మనిషిని కూర్చోబెట్టి వెనక నిలబడాలి. రెండు చేతుల వేళ్లతో చెవి ముందు నుంచి దవడ కిందకి, అక్కడినుంచి మెడ పక్కగా భుజం దాకా మెల్లగా తడుముతూ రావాలి. ఎన్ని మెడలు ముట్టుకుంటే అంత చేయి తిరుగుతుంది, ఇంటికెళ్లినప్పుడు అందరి మీదా సాధన చెయ్యండి అని చెప్పారు.

నాకు ఇంతకంటే ఏం కావాలి. శనివారం మధ్యాహ్నం రైలెక్కి నౌపడలో దిగి, ఉప్పు మడుల పక్కనుంచి ఆటోలో ఊరు చేరగానే సంచీ గుమ్మంలో పడేసి తీరానికి పరిగెత్తేదాన్ని. వలల మీద నెత్తళ్లనే చిన్న చేపలు పరుస్తున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మెడలు తడిమేదాన్ని. ఒకామెకు చక్కిలిగింత, ఒకామెకు భయం. మామ్మ దూరం నుంచి చూసి, “కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట. పాపం ఆల్ని పని సేసుకోనీయే” అనేది.

మామ్మ నోరు నాకు పెద్ద శత్రువు. మా వైపు ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ తాగుతారు. అంటే కాలే కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులకూ పని అడ్డం రాదు. పొగ కూడా పెద్దగా బయటికి రాదు. ఒకసారి ఫోను లైటు వేసి మామ్మ అంగిలి చూశాను. బీటలు వారిన చెరువు మట్టిలా తెల్లగా, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలతో ఉంది. అప్పటికి నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఆవిడ మీద విరుచుకుపడ్డాను. కేన్సరొచ్చి చస్తావన్నాను. బుద్ధి లేని ముసల్దానివన్నాను. చుట్టల కట్ట చేతిలోంచి లాక్కుని సముద్రంలోకి విసిరేశాను. మామ్మ బిత్తరపోయి చూసింది. అమ్మ తలొంచుకుని చేపలు తిరగేస్తూనే ఉంది, నన్ను ఆపలేదు. అమ్మ నా పక్షమే అనుకున్నాను.

ఆ రోజే కాస్త చల్లబడ్డాక అమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. జుట్టు పైకెత్తి పట్టుకుని, “ఊరందరి మెడలూ సూసావు. మీ యమ్మ మెడ అక్కర్నేదా?” అంది.

నాకు సంబరమైంది. వెనక నిలబడి మొదలుపెట్టాను. కుడి దవడ కింద వేళ్లు పెట్టానో లేదో, గట్టిగా గుండ్రంగా తగిలింది. తీరంలో అందరి మెడల్లోనూ వెతికి వెతికి దొరకక విసుగెత్తిపోయిన గ్రంథి అమ్మకు ఇంత సులువుగా దొరికింది.

“దొరికిందే అమ్మా,” అన్నాను.

“ఏటది?”

“గ్రంథి. నోట్లో లాలాజలం దీంట్లోంచే వస్తాది.”

“అందరికీ ఉంటాదా?”

“అందరికీ ఉంటాది. నీది బాగా తెలుస్తన్నాది, అంతే.”

“మంచిదేనా మరి?”

“మంచిదే.”

అమ్మ ఊపిరి వదిలింది. నేను ఎడమ వైపు కూడా వెతికాను. అక్కడ అలాంటిదేమీ తగల్లేదు. మెత్తగా ఉంది, అంతే. నాకు ఎడమ చేతి వేళ్లు సరిగ్గా ఆడవని సర్దిచెప్పుకున్నాను. నోరు కూడా చూస్తానంటే, “నోరొద్దులే, అంతా సేపల కంపు. మెడ సూసుకో” అని లేచిపోయింది. నోటి పరీక్ష రెండో ఏడాదిలో కదా అని నేనూ పట్టుబట్టలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం అదే వరస. నేను రాగానే అమ్మ పీట వేసుకునేది. నేను చేయి పెట్టేదాన్ని, కుడి వైపు గ్రంథి వెంటనే దొరికేది. “ఉన్నాదా?” అనేది. “ఉండక ఎక్కడికి పోతాది” అనేదాన్ని. “మంచిదే కదా?” అనేది. “ఎన్నిసార్లు సెప్పాలే అమ్మా” అని విసుక్కునేదాన్ని. నాలుగు నెలలు ఇలా గడిచాయి. రికార్డు పుస్తకంలో ఆ బొమ్మ వేసేటప్పుడు నా మనసులో ఉన్నది అమ్మ మెడే.

తరవాత ఒక గురువారం ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. జంటలుగా నిలబడి ఒకరి మెడ ఒకరు చూసి చెప్పాలి. నాకు హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయి జంటగా వచ్చింది. నేను ధీమాగా దవడ కింద వేళ్లు పెట్టాను. ఏమీ తగల్లేదు. కుడి వైపు లేదు, ఎడమ వైపూ లేదు. మేడం వచ్చి ఏమైందని అడిగితే, “ఈ అమ్మాయికి గ్రంథి లేదు మేడం” అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వుతూ నా వేళ్లు పట్టుకుని ఆ అమ్మాయి దవడ కింద సరైన చోట పెట్టి, “ఇదిగో, మెత్తగా తెలుస్తోందా? ఇదే” అన్నారు.

“ఇది కాదు మేడం,” అన్నాను. నాకు పౌరుషం వచ్చింది. “నాకు తెలుసు. గట్టిగా ఉంటుంది, కుంకుడు గింజలాగ. నొక్కినా కదలదు. నేను ప్రతి వారం చూస్తున్నాను.”

మేడం నవ్వు ఆగిపోయింది.

“ఎవరికి చూస్తున్నావు?”

“మా అమ్మకి.”

“రెండు వైపులా ఉందా?”

“కుడి వైపే మేడం. ఎడమ వైపు నాకు దొరకలేదు.”

“నొప్పి ఉందంటోందా?”

“లేదు మేడం.”

మేడం నా చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించి, “గ్రంథి మెత్తగా ఉంటుందమ్మా. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గట్టిగా, కదలకుండా, నొప్పి లేకుండా ఒక్క వైపే ఉంటే దాన్ని మనం గ్రంథి అనుకోకూడదు. ఇప్పుడే ఇంటికెళ్లు. వెళ్లి ముందు నోరు తెరిపించు” అన్నారు.

నాకు ఆ తరవాత ఏం జరిగిందో తిన్నగా గుర్తు లేదు. మా గది అమ్మాయి నా సంచీ సర్ది స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించింది. రైల్లో కూర్చుని నా మెడే నేను తడుముకున్నాను. కుడి వైపు మెత్తగా ఉంది, ఎడమ వైపు మెత్తగా ఉంది. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. పుస్తకంలో ఉన్నట్టే ఉంది. నాలుగు నెలలుగా నా మెడ నా భుజాల మీదే ఉంది కదా, ఒక్కసారి చేయి పెట్టుకుని ఉంటే సరిపోయేది. ఎదురు సీటులో కూర్చున్నామె, “మెడ పట్టీసిందా అమ్మా? ఆవనూనె రాయి” అంది. తలూపాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా చదువు. ఊరందరికీ చెప్పినదాన్ని, ఇంట్లో మనిషికి ఏమున్నదో చెప్పలేకపోయాను.

నౌపడలో దిగి ఆటోలో తిన్నగా తీరానికే పోయాను. ఎండ మండిపోతోంది. వలల మీద చేపలున్నాయి, మనుషులు కనబడలేదు. ఒడ్డుకు లాగిపెట్టిన పడవ నీడలో అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. “అమ్మా” అని పిలిచాను. ఉలిక్కిపడి తిరిగింది. వారం మధ్యలో వచ్చానని ఆశ్చర్యంతో కళ్లు పెద్దవి చేసింది. మాట మాత్రం మాట్లాడలేదు. పెదాలు బిగించి నా వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు కనిపించింది. బిగించిన పెదాల మధ్య చిటికెన వేలి గోరంత గోధుమ రంగు ముక్క. మామ్మ నోట్లో నా బతుకంతా చూసిన ముక్క. మిగతా చుట్టంతా లోపలుంది. నిప్పు లోపలుంది.

ఇల్లంతా మామ్మ చుట్టల వాసనే కాబట్టి అమ్మ వాసన నాకు ఎప్పుడూ విడిగా తెలియలేదు. పొగ బయటికి రాదు కాబట్టి కంటికీ కనబడలేదు. అమ్మ నెమ్మదిగా చుట్ట తీసి ఇసకలో గుచ్చింది, దొంగతనం చేస్తూ దొరికిన చిన్నపిల్లలాగ.

“నోరు తెరువు,” అన్నాను.

“వద్దే.”

“తెరువమ్మా.”

తెరిచింది. ఫోను లైటు వేశాను. మామ్మ అంగిలి లాగే తెల్లగా ఉంది. కుడి పక్కన, లోపలికి, చింతపిక్కంత పుండు. అంచులు లేచి ఉన్నాయి. నడుమ ఎర్రగా పచ్చిగా ఉంది. అంగిలిలో పుట్టిన జబ్బు మెడలోని గ్రంథుల దాకా ఏ దారిన దిగుతుందో నేను బట్టీ పట్టి రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆ దారంతా నా కళ్ల ముందు తెరుచుకుంది.

“ఎన్నాళ్లనుంచి తాగుతన్నావు?”

“నువ్వు పుట్టకముందు నుంచీ. పన్ను నొప్పెడితే మీ మామ్మే ఇచ్చింది. పన్ను పోయింది, సుట్ట మిగిలిపోయింది.”

“నాకేల సెప్పనేదు?”

అమ్మ ఇసక వైపు చూస్తూ, “ఎలగ సెప్తాను? మామ్మ సుట్టలు సముద్రంలో ఇసిరీసావు కదా. అంత పెద్ద మనిషినే బుద్ధి నేదనీసావు. నాను ఇంకేటి సెప్తాను నీకు?” అంది.

నా కోపాన్ని నేను ఊరికి మేలు అనుకున్నాను. ఆ కోపమే అమ్మ నోటికి మూత పెట్టింది.

తరవాత విశాఖపట్నంలో ఆస్పత్రి. పుండులోంచి ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సరే అని తేలింది. ఆపరేషన్ అన్నారు. నాన్న గుజరాత్ నుంచి వచ్చేసరికి తేదీ కూడా ఖాయమైపోయింది. సంతకం పెట్టే కాగితం నాన్నకు నేనే చదివి వినిపించాను. ఏ కండరం తియ్యాల్సి రావచ్చో, ఏ నరం దెబ్బతినవచ్చో అందులో ఉంది. ఒక్క పేరూ నాకు కొత్త కాదు. అన్నీ నేను రంగులేసినవే. డాక్టరు గారు మెడ ముట్టుకుని, ఈ బిళ్ల ఎన్నాళ్లనుంచి ఉందని అడిగారు. అమ్మ నా వైపు చూసింది. “నాలుగు నెలలు” అన్నాను. అప్పుడే ఎవరికైనా చూపించాల్సింది కదమ్మా అన్నారాయన. నాకు చూపించిందని నేను చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు.

అంగిలిలో కుడి సగం, మెడలో కుడి వైపు గ్రంథులు తీసేశారు. అమ్మ బతికింది. ఇప్పుడు పై దవడకు ఒక పలక పెట్టుకుంటుంది, కట్టుడు పళ్లలాంటిదే, అంగిలిలో ఉన్న రంధ్రాన్ని అదే మూస్తుంది. అది లేకుండా నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. కుడి చెయ్యి భుజం పైకి లేవదు. చేపల గంప నెత్తికెత్తుకోలేదు. భుజాన్ని లేపేది పదకొండో నరం. ఆ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చింది, జవాబు పూర్తిగా రాశాను.

మామ్మ యాభై ఏళ్లకు పైగా తాగిన మనిషి, అంగిలి తెల్లగా ఉందే తప్ప ఆవిడకేమీ కాలేదు. కోడలు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆవిడ తన చుట్టల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, “ఇసిరీయే” అంది. నాకు చేతులు రాలేదు. ఆవిడే పొయ్యిలో పెట్టింది.

ఇప్పుడు చదువైపోయింది. టెక్కలిలో ఒక పళ్ల క్లినిక్‌లో చేస్తున్నాను, రోజూ ఇంటికి వచ్చేస్తాను. అమ్మ పలక కడగడం నా పని. ఒక ఆదివారం పెరట్లో కుళాయి దగ్గర మెత్తటి బ్రష్షుతో దాన్ని రుద్దుతూ ఉంటే, ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్న మాట బయటికొచ్చింది.

“అమ్మా, ఆ బిళ్ల నాకంటే ముందు నీకు తెలుసా?”

పలక నా చేతిలో ఉంది కాబట్టి అమ్మ ముక్కుతోనే మాట్లాడింది. ఒక్కో మాటా తంటాలు పడుతూ చెప్పింది.

“తెలుసు. నువ్వు హాస్టలుకెల్లిన నెలకే సేతికి తగిలింది.”

“మరి ఆస్పత్రికేల ఎల్లనేదు?”

“బయమేసింది. నా గుంట అదే సదువు సదువుతన్నాది కదా అనుకున్నాను. దాని సేతికి దొరికితే అదే సెప్తాది, నాను అడగక్కర్నేదు అనుకున్నాను. అందుకే కదే పీటేసుకుని కూకున్నాను.”

కుళాయి కట్టేశాను. పలక మీంచి నీళ్లు నా కాళ్ల మీద కారుతున్నాయి. అమ్మ సరదాకి కూర్చుందనుకున్నాను. నా చదువుకి సాయం చేస్తోందనుకున్నాను. ఆ నాలుగు నెలలూ ఆమె నా దగ్గరికి పరీక్ష చేయించుకోవడానికి వచ్చింది. “మంచిదేనా” అని వారం వారం అడిగింది. నేను ఆమెకు మొదటి ఆస్పత్రిని, నేనే తిప్పి పంపేశాను.

“నా మీద కోపం రానేదా నీకు?” అని అడిగాను.

“కోపమేటి? నువ్వు మంచిదే అన్నాక నాలుగు నెలలు సక్కా నిద్దరపోయాను” అంది అమ్మ.

తిట్టి ఉంటే బాగుండేది. పలక తుడిచి ఆమె నోట్లో పెట్టి సరిచేశాను. అమ్మ నోరు మూసి తెరిచి చూసుకుని, పీట దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఎడమ చేత్తో జుట్టు పైకెత్తి పట్టుకుంది. కుడి వైపు మెడ పొడవునా గాటు. ఎడమ వైపు గ్రంథి ఇంకా ఉంది. ఆనాడు నాకు దొరకని గ్రంథి అదే. దవడ కింద వేళ్లు పెట్టాను. మెత్తగా, కదులుతూ తగిలింది.

“ఇది మంచిదేనేటే?” అంది అమ్మ.

చెయ్యి తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చూశాను.